చూస్తే నిజం, చూడకపోతే అబద్ధం

తలుపులు మూసుకుంటున్నాయి!

ఎస్కలేటర్ మీద ఆఖరి మూడు మెట్లూ ఒక్క అంగలో ఎక్కేసింది అరుంధతి. ఎవరి భుజమో తగిలింది. చేతిలో కాఫీ ఒలికిన ఎవరో సింగపూర్ యాసలో అరిచారు.

"అయ్యో! కేర్‌ఫుల్ లా!"

ఆమె ఆగలేదు. మూసుకుంటున్న రైలు తలుపుల మధ్య నుంచి ఒంటిని పక్కకు తిప్పి లోపలికి దూరింది.

టప్!

మూసుకున్నాయి.

పాయా లేబర్ స్టేషన్... సాయంత్రం ఏడూ ఇరవై. ఆఫీసులు వదిలిన వేళ. కాలు పెట్టే సందు లేదు. కుడి గుప్పిట్లో చిన్న పెన్ డ్రైవ్... చెమటకు జారిపోతోంది.

వెనక్కి చూసింది.

పక్క పెట్టె కిటికీలో నీలం చొక్కా!

వెంకటరాజు... ఆమె ప్రాజెక్ట్ మేనేజర్. జనాన్ని తోసుకుంటూ ఇటే వస్తున్నాడు.

ఎక్కేశాడు... అతనూ ఎక్కేశాడు!

* * *

నలభై నిమిషాల క్రితం వరకు అరుంధతికి ఎవరితోనూ గొడవ లేదు.

కాకినాడ నుంచి సింగపూర్ వచ్చి మూడేళ్ళు. రెండు వేల ఏడులో ఊళ్ళో ఏ ఆఫీసు చూసినా కొత్త ప్రాజెక్టులే, కొత్త కుర్రకారే. ఆమె పని టెస్టింగ్. ఆమె కంపెనీ పని... కార్మికులు ఉండే డార్మిటరీల్లో పొగ సెన్సర్లను ఇరవై నాలుగు గంటలూ కనిపెట్టుకుని ఉండడం. సెన్సర్‌కు పొగ తగిలితే అక్కడ గంట మోగాలి. ఇక్కడ కంట్రోల్ రూమ్ స్క్రీన్ ఎర్రబడాలి. మధ్యలో ఉండేది ఒక స్క్రిప్ట్. సెన్సర్లన్నిటినీ వరుసగా పలకరించి, బతికున్నదేదో, పాడైనదేదో రాసి పెట్టే చిన్న ప్రోగ్రామ్.

రెండు వారాల క్రితం రిసెప్షన్‌లో ఒకాయన నిలబడి ఉన్నాడు. సిమెంటు మరకల చొక్కా. పేరు భద్రయ్య. శ్రీకాకుళం జిల్లా. ఇంగ్లీషు రాదు. రిసెప్షన్ పిల్లకు తెలుగు రాదు.

"మా సీ బ్లాక్ వంటింట్లో మంట లేసిందమ్మా. మేమే ఆర్పుకున్నాం. గంట మోగనేదు. ఎవులికి సెప్పినా ఇనడం నేదు."

అరుంధతి ఆరోజు రిపోర్టు తీసి చూసింది.

ఆరు వందల నలభై సెన్సర్లు. అన్నీ ఓకే.

ఓకే అయితే గంట ఎందుకు మోగలేదు?

అప్పటి నుంచి నిద్ర లేదు. పని మధ్యలో, బస్సులో, స్నానం చేస్తూ కూడా అదే ప్రశ్న. ఈ సాయంత్రం అందరూ లేచి వెళ్ళాక ఆ స్క్రిప్ట్‌ను డీబగ్గర్‌లో పెట్టింది. ప్రోగ్రామ్‌ను ఒక్కో లైను దగ్గర ఆపి, లోపల ఏం జరుగుతోందో చూపించే పనిముట్టు అది.

ఒక్కో లైనూ నొక్కుతూ పోయింది. రిపోర్టు వచ్చింది.

నాలుగు వందల ఇరవై ఎనిమిది ఓకే. రెండు వందల పన్నెండు... డెడ్!

అన్నీ సీ బ్లాక్‌వే!

తనే ఏదో తప్పు చేసిందనుకుంది. డీబగ్గర్ తీసేసి మళ్ళీ నడిపింది.

ఆరు వందల నలభై ఓకే.

డీబగ్గర్ పెట్టింది. రెండు వందల పన్నెండు డెడ్.

తీసేసింది. అన్నీ ఓకే!

ఫైళ్ళు ఒక్కొక్కటీ తెరవసాగింది.

ఇరవై నిమిషాలు వెతికితే దొరికింది. ఎక్కడో అడుగున, ఎవరూ తెరవని ఫైల్‌లో, పదకొండు లైన్లు. స్క్రిప్ట్ ఒక లైను దగ్గర టైమ్ చూసుకుంటోంది. తర్వాతి లైను దగ్గర మళ్ళీ చూసుకుంటోంది. తనంతట తాను నడిస్తే ఆ రెంటి మధ్యా సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. మనిషి ఆపి ఆపి చూస్తే... మూడు సెకన్లు, నాలుగు సెకన్లు.

అంటే ఎవరో చూస్తున్నారు!

చూస్తుంటే నిజం రాస్తుంది. చూడకపోతే, డెడ్ అయిన ప్రతి సెన్సర్ పక్కనా ఓకే అని రాస్తుంది. ఆడిట్ వాళ్ళు ఆఫీసులోని నమూనా సెన్సర్లతో, పాడైనదాన్ని పాడైందనే రాస్తోందా అని, ఎప్పుడూ డీబగ్గర్‌లో పెట్టే చూస్తారు. వాళ్ళ ముందు బుద్ధిగా ఉంటుంది. వాళ్ళు వెళ్ళగానే అబద్ధం!

ఇక పదకొండో లైను...

అది రెండుసార్లు చదివింది. ఎవరో చూస్తున్నారని తెలిసిన మరుక్షణం ఆ స్క్రిప్ట్ ఒక మెయిల్ పంపుతోంది. చూస్తున్న కంప్యూటర్ పేరుతో సహా. పంపే చిరునామాలో మనిషి పేరు లేదు. అంకెలే.

మెయిల్ వెళ్ళిపోయింది. అప్పటికే మూడుసార్లు!

ఫైళ్ళన్నీ పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేస్తుండగానే హాలు తలుపు ధడాలున తెరుచుకుంది.

"అరుంధతీ! ఏం రన్ చేస్తున్నావ్? చెయ్యి తియ్ దాని మీంచి!"

వెంకటరాజు!

ఆమె పెన్ డ్రైవ్ లాగేసింది. అత్యవసర మెట్ల వైపు పరుగెత్తింది.

* * *

యూనోస్ స్టేషన్. దిగేవాళ్ళు దిగారు. ఎక్కేవాళ్ళు ఎక్కారు. నీలం చొక్కా రెండు వరుసలు దగ్గరికి వచ్చింది.

అరుంధతి ఫోన్ తీసింది.

శ్రీలేఖ! బెడోక్‌లో ఒకే ఫ్లాట్‌లో ఉంటారు ఇద్దరూ. అదే కంపెనీ. ఒకప్పుడు ఇదే టీమ్‌లో కోడ్ రాసేది. ఇప్పుడు డార్మిటరీ క్లయింట్లను చూసుకునే లీడ్. మూడేళ్ళుగా ఒకే కుక్కర్‌లో వండుకుని తింటున్నారు.

"లేఖా! నేను... సెన్సర్ల స్క్రిప్ట్ అబద్ధం చెబుతోందే. సీ బ్లాక్‌లో ఒక్క సెన్సరూ పని చెయ్యట్లేదు. ప్రూఫ్ నా దగ్గరుంది. రాజు గారు నా వెంట పడ్డాడు!"

"కంగారు పడకు. బెడోక్‌లో దిగు. మన హాకర్ సెంటర్‌కి వచ్చెయ్, నేను అక్కడే ఉన్నాను. ఎవరితోనూ మాట్లాడకు. ఫోన్ ఆఫ్ చేసెయ్ అరూ... నువ్వెక్కడున్నావో దాన్నిబట్టి పట్టేస్తారు."

ఆఫ్ చేసింది.

కెంబాంగన్! తలుపులు తెరుచుకున్నాయి.

అరుంధతి ప్లాట్‌ఫారం మీదికి దూకింది. వెంకటరాజు కూడా దూకాడు! ఆమె నాలుగడుగులు పరుగెత్తింది... గిర్రున వెనక్కి తిరిగింది... తలుపులు మూసుకునే బీప్... మళ్ళీ లోపలికి!

టప్!

అతను బయటే ఉండిపోయాడు. అద్దం మీద అరచేత్తో బాదుతున్నాడు. ఏదో అరుస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి. ఒక్క ముక్కా వినపడలేదు.

రైలు కదిలింది.

* * *

హాకర్ సెంటర్... ఒకే కప్పు కింద వరసగా తిండి దుకాణాలు... కిటకిటలాడుతోంది. వేయించిన నూడుల్స్ వాసన. గిన్నెల చప్పుడు. టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేసిన, అంటే ముందే పట్టి పెట్టుకున్న, టేబుల్ దగ్గర శ్రీలేఖ కూర్చుని ఉంది. చెరకు రసం గ్లాసు ముందుకు తోసింది.

"ముందు తాగు. చూడు ఎలా అయిపోయావో!"

అరుంధతికి ఏడుపొచ్చింది. మిత్రురాలి పక్కన కూర్చుంది.

"ఏది, ఇటివ్వు. నేను తీసుకెళ్ళి ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళకి ఇస్తాను. రాజు గారు నీ వెంట పడతాడు గానీ నా మీద అనుమానం రాదు కదా. కాపీ ఇంకెక్కడైనా ఉందా?"

"ఆఫీసులో నా మెషీన్ మీద ఉంది. అంతే."

పెన్ డ్రైవ్ శ్రీలేఖ గుప్పిట్లోకి మారింది. ఆమె లేచింది. అరుంధతి చెంప మీద ఆప్యాయంగా తట్టింది.

"పిచ్చిదానా! డీబగ్గర్ పెట్టి మరీ తవ్వాలా? నీకెందుకే ఇదంతా? ఇంటికెళ్ళి పడుకో."

టాక్సీ ఎక్కింది. వెళ్ళిపోయింది.

అరుంధతి చెరకు రసం నోటి దగ్గర పెట్టుకుంది. ఒక గుక్క.

డీబగ్గర్...

గ్లాసు ఆగిపోయింది.

ఆ మాట తను చెప్పలేదు! రైల్లో చెప్పలేదు. ఇక్కడా చెప్పలేదు. డీబగ్గర్ పెట్టానని తెలిసేది ఒక్కరికే...

ఆ మెయిల్ అందుకున్నవాళ్ళకే!

అప్పుడే ఆమె భుజం మీద ఒక చెయ్యి పడింది.

అదిరిపడి తిరిగింది. నీలం చొక్కా! వంగి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి రొప్పుతున్నాడు వెంకటరాజు.

"ఇచ్చేశావా?" అన్నాడు. "శ్రీలేఖకి ఇచ్చేశావా?"

"మీరు... మీరెందుకు..."

"తను ఫోన్ చేసింది. నువ్వు కోడ్ దొంగిలించి వేరే కంపెనీకి అమ్ముతున్నావంది. డీబగ్గర్‌లో పెట్టి కాపీ చేస్తోంది, వెళ్ళి పట్టుకోండి అంది. నేను పరుగెత్తాను. నువ్వు పారిపోయాక వెలిగింది... ఇంట్లో కూర్చున్న మనిషికి డీబగ్గర్ సంగతి ఎలా తెలిసింది? అందుకే, మీ ఫ్లాట్ దగ్గరే కలుస్తారని ఊహించి, తర్వాతి రైలెక్కి వచ్చాను. ఎవరికీ ఇవ్వద్దని అద్దం మీద బాదుతూ అరిచాను!"

అరుంధతి అంతా చెప్పింది. ఊపిరి తీసుకోకుండా చెప్పింది. పదకొండు లైన్లు. రెండు వందల పన్నెండు సెన్సర్లు. భద్రయ్య.

వెంకటరాజు ముఖం పాలిపోయింది.

"సీ బ్లాక్ వైరింగ్ పూర్తయిందని సంతకం పెట్టింది శ్రీలేఖే. ఓపెనింగ్ రోజు దగ్గర పడిందని అందరం తొందరపెట్టాం. నేను వెళ్ళి చూడలేదు... నమ్మేశాను."

"పోలీసులకి చెబుదాం సార్!"

"ఏం చూపిస్తావ్? పెన్ డ్రైవ్ పోయింది. తను ఇప్పుడు ఆఫీసుకే వెళ్తోంది. నీ మెషీన్ తుడిచేస్తుంది. రేపు పొద్దున నీ మీద కంప్లైంట్. నీ వర్క్ పాస్ పోతుంది. ఎల్లుండి నువ్వు విమానంలో ఉంటావు."

"స్క్రిప్ట్ కూడా మార్చేస్తుందా?"

"మార్చలేదు. మారిస్తే కంట్రోల్ రూమ్ స్క్రీన్ మీద రెండు వందల పన్నెండు ఎర్ర దీపాలు వెలుగుతాయి. అందరూ చూస్తారు."

అరుంధతి లేచి నిలబడింది.

"అయితే అబద్ధం ఈ రాత్రి కూడా నడుస్తూనే ఉంటుంది. నడుస్తుండగానే పట్టుకోవాలి!"

* * *

"చెపాట్, చెపాట్! తొందరగా ఎక్కండమ్మా!"

టాక్సీ డ్రైవర్ అప్పయ్యకు అరవై దాటాయి. పుట్టింది ఇక్కడే. తాత కాలంలో విశాఖ నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబం. వీళ్ళ తెలుగు వినగానే అతని ముఖం వెలిగింది.

"ఏం అవసరమమ్మా? మకాన్ కూడా చెయ్యలేదా, భోజనం? ముఖం వాడిపోయి ఉంది."

"కాకి బుకిట్ దగ్గర డార్మిటరీ, అంకుల్. ఎంత తొందరగా వెళ్తే అంత!"

టాక్సీ దూసుకుపోయింది. అరుంధతి ఫోన్ ఆన్ చేసింది. వెంకటరాజు నుంచి ఏడు మిస్‌డ్ కాల్స్. పక్కకు నెట్టి, ఆరోజు భద్రయ్య ఇచ్చిన నంబర్ నొక్కింది.

"భద్రయ్య గారూ! సీ బ్లాక్‌లో ఎంతమంది ఉంటారు?"

"రెండొందల ఎనభై మందిమమ్మా. ఏటయ్యింది?"

"అందరినీ కిందకి దింపండి. గ్రౌండ్‌లో కూర్చోబెట్టండి. ఒక్కరు కూడా లోపల ఉండకూడదు. ఒక పెద్ద బాణలి, తడి అట్టపెట్టెలు, కాస్త నూనె..."

వెంకటరాజు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"పిచ్చెక్కిందా? డార్మిటరీలో మంట పెడతావా? జైల్లో వేస్తారు!"

"వెయ్యనివ్వండి సార్! ఆ సీలింగ్ కింద రోజూ రెండు వందల ఎనభై మంది నిద్రపోతున్నారు!"

అప్పయ్య అద్దంలోంచి ఒకసారి చూశాడు. యాక్సిలరేటర్ తొక్కాడు.

* * *

కంచాల మోత!

స్టీలు కంచాల మీద గరిటెలతో బాదుతూ భద్రయ్య మనుషులు ఒక్కో అంతస్తూ లేపుతున్నారు. గళ్ళ లుంగీలు, బనీన్లు, నిద్ర కళ్ళు... మెట్ల మీంచి ప్రవాహంలా దిగుతున్నారు. తిట్టుకుంటున్నారు. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి అడ్డం వస్తే వెంకటరాజు అతన్ని పట్టుకుని ఆపాడు.

వంటిల్లు ఖాళీ. సిమెంటు నేల మీద ఇనుప బాణలి. అందులో తడి అట్టలు. సరిగ్గా దాని మీద, సీలింగుకు, తెల్లటి సెన్సర్.

అరుంధతి అగ్గిపుల్ల గీసింది.

నల్లటి పొగ లేచింది. సుడి తిరిగింది. సెన్సర్‌ను చుట్టేసింది. తలుపులోంచి మెట్ల వైపు పాకింది.

పది సెకన్లు... ముప్పై సెకన్లు... నిమిషం.

గంట లేదు. దీపం లేదు. ఏమీ లేదు!

ఆమె ఫైర్ సర్వీస్ నంబర్ 995 నొక్కింది. "డార్మిటరీ వంటింట్లో మంట. పొగ నిండిపోయింది. అలారం మోగట్లేదు." ప్రతి ముక్కా నిజం.

ఎనిమిది నిమిషాల్లో ఫైర్ ఇంజిన్ వచ్చింది. ఇద్దరు బాణలి మీద నురుగు కొట్టారు. ఆఫీసర్ బయటికి వచ్చి హెల్మెట్ తీశాడు. కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి.

"హూ లిట్ దిస్?"

"నేనే సర్."

"తెలిసే చేశావా?" ఇంగ్లీషులోనే గద్దించాడు.

"తెలిసే చేశాను. గంట వినిపించిందా సర్ మీకు?"

అతను తలెత్తి పొగలో మునిగిన బిల్డింగ్ వైపు చూశాడు. చెవులు రిక్కించాడు. అలారం పెట్టె దగ్గరికి నడిచాడు. దాని మీద అంటించిన కంట్రోల్ రూమ్ నంబర్ చూశాడు. ఫోన్ తీసి స్పీకర్‌లో పెట్టాడు.

రెండు రింగులు.

"గుడ్ ఈవినింగ్, కంట్రోల్ రూమ్." శ్రీలేఖ గొంతు! డ్యూటీ మనిషిని పక్కకు పంపి తనే కూర్చున్నట్టుంది. తొణకని, శుభ్రమైన ఇంగ్లీషు.

"సివిల్ డిఫెన్స్, ఫైర్ సర్వీస్ నుంచి మాట్లాడుతున్నాను. సీ బ్లాక్ పరిస్థితి ఏమిటి?"

"ఆల్ నార్మల్, సర్. అన్ని సెన్సర్లూ ఓకే. స్క్రీన్ నా ఎదురుగానే ఉంది."

"పొగ?"

"ఎక్కడా లేదు సర్. హండ్రెడ్ పర్సెంట్."

ఆఫీసర్‌కు దగ్గు వచ్చింది. పొగ పట్టిన దగ్గు.

సరిగ్గా అప్పుడే భద్రయ్య పరుగెత్తుకొచ్చాడు. రెండుసార్లు లెక్కపెట్టినట్టున్నాడు.

"ఒకడు తక్కువున్నాడమ్మా! సింహాద్రి! నైట్ డ్యూటీ సేసొచ్చి జొరమని మాత్ర ఏసుకున్నాడు... నాలుగో అంతస్తు స్టోరు గదిలో తొంగున్నాడంట!"

అరుంధతి ఫైర్‌మెన్ వైపు తిరిగింది.

"మనిషి లోపలున్నాడు!" అని అరిచింది. "నాలుగో అంతస్తు!"

ఫైర్‌మెన్ లోపలికి దూసుకుపోయారు. ఆమె కూడా పరుగెత్తబోయింది. వెంకటరాజు రెండు చేతులా పట్టి ఆపాడు.

తనే పెట్టింది మంట. తన చేత్తో! ముగ్గురు పిల్లల తండ్రి అని ఎవరో అంటున్నారు. ఒక్కో సెకనూ సూదిలా గుచ్చుకుంటోంది. నిమిషం... రెండు నిమిషాలు... ఆమె నేల మీద కూలబడిపోయింది.

మెట్ల మీద టార్చి వెలుగు!

ఇద్దరి భుజాల మీద వేలాడుతూ ఒక మనిషి. ముఖమంతా మసి. పచ్చిక మీద పడుకోబెట్టారు. ఆక్సిజన్ పెట్టారు.

దగ్గాడు. మళ్ళీ దగ్గాడు. కళ్ళు తెరిచాడు.

"ఏటయింది?" అన్నాడు సింహాద్రి. "గంట మోగితే లేచీవోణ్ణి కదా..."

అరుంధతి రెండు చేతుల్లో ముఖం దాచుకుని భోరుమంది.

ఆఫీసర్ ఫోన్ ఇంకా కట్ కాలేదు. స్పీకర్‌లోంచి సన్నగా, వణుకుతూ, ఈసారి తెలుగులో...

"అరూ? అది నీ గొంతేనా? ఎవరికైనా... ఏమైనా అయిందా?"

అరుంధతి తలెత్తింది.

"బతికాడు లేఖా."

అవతల ఏడుపు కట్ట తెగింది.

"నేను కావాలని చెయ్యలేదే! వైరింగ్ అవ్వలేదు... వారం రోజులే అనుకుని ఆ లైన్లు రాశాను. తర్వాత తియ్యడానికి భయమేసింది. ఎవరికీ చెప్పకు అరూ... నీ కాళ్ళు పట్టుకుంటా. రాసింది నేనని నీకు తప్ప ఎవరికీ తెలీదు. నీ మెషీన్ కూడా తుడిచేశాను!"

ఆఫీసర్ కనుబొమలు ముడిపడ్డాయి. ఆ తెలుగు ఒక్క ముక్కా అర్థం కాలేదు అతనికి. అరుంధతి వైపు చూశాడు. ఆమె నోరు విప్పింది... మాట రాలేదు. మూడేళ్ళు ఒకే కంచంలో తిన్న మనిషి!

వెనక నుంచి ఎవరో గొంతు సవరించుకున్నారు.

అప్పయ్య. టాక్సీ వదిలి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"సర్," అన్నాడు మెల్లగా, ఇంగ్లీషులో. "నేను ఇక్కడే పుట్టాను. కానీ మా అమ్మ నాకు తెలుగు నేర్పింది. ఆ అమ్మాయి చెప్పిందంతా విన్నాను. చెప్పమంటారా?"

స్పీకర్‌లో ఏడుపు ఠక్కున ఆగిపోయింది.

"ఎవరది? అరూ... అక్కడ ఇంకెవరున్నారు?"

ఆఫీసర్ జేబులోంచి నోట్‌బుక్ తీశాడు.

"చెప్పండి అంకుల్. మొదటి ముక్క నుంచి."